మున్సిపల్ భవనం అప్పు ఎలా తీర్చాలి? గోదావరి డెల్టా పట్టణాల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

మార్కెట్ కాంప్లెక్స్, టౌన్ హాలు, కల్యాణ మండపం, కొత్త మున్సిపల్ ఆఫీసు. వీటిలో ఏది కట్టినా అప్పు పదేళ్లో పదిహేనేళ్లో ఊరి మీద ఉంటుంది. ఆ అప్పు ఎలా తీర్చాలో తేల్చాల్సిన కౌన్సిలర్ల కోసం, ఆ తీర్మానం మీద ప్రశ్న వెయ్యదలచిన పన్ను చెల్లింపుదారుల కోసం ఈ పేజీ. లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం: 10 కోట్ల అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ, నెలవారీ వాయిదా. మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే దారి మాత్రం ఇదే. ఏ డబ్బుతో కడతాం, ఏ నెలలో కడతాం అన్న రెండూ సంతకానికి ముందే తేలాలన్నది మా గట్టి అభిప్రాయం.

తీర్చే పద్ధతి ఎవరు తేలుస్తారు? కౌన్సిలా, కమిషనరా, ప్రభుత్వమా?

ముగ్గురికీ పాత్ర ఉంది. మున్సిపాలిటీలు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం కింద నడుస్తాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు కార్పొరేషన్లకు చట్టం వేరు. అప్పు దగ్గరికొచ్చేసరికి 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టాన్ని కూడా తిరగెయ్యాలి. దేనికి అప్పు చెయ్యొచ్చో అందులో ఉంది: చట్టప్రకారం చేపట్టదగ్గ పనులు, కరవు సాయం, అంటురోగాల నివారణ, అంతకుముందు సక్రమంగా చేసిన అప్పు తీర్చడం. జీతాలకో కరెంటు బిల్లులకో అప్పు చేస్తామంటే ఈ జాబితాలో చోటు లేదు.

ఫైలు నడిచే దారి ఇది. ఇంజినీరింగ్ విభాగం అంచనా వేస్తుంది. అకౌంట్స్ విభాగం తీర్చే పట్టిక తయారు చేస్తుంది. కమిషనర్ నోటు రాస్తారు, అజెండాలో పెడతారు, కౌన్సిల్ తీర్మానిస్తుంది. అక్కణ్నుంచి రాజమహేంద్రవరంలోని ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం, ఆపైన పురపాలక శాఖ కమిషనర్, చివరికి ప్రభుత్వ మంజూరు. తీర్చే పట్టిక లేకుండా అంచనా ఒక్కటే అజెండాలోకి వచ్చిందంటే అక్కడే ఆపించండి. ముఖ్యంగా అప్పు విషయం టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు వస్తే, చదవడానికి గడువు అడగడం కౌన్సిలర్ బాధ్యత.

అప్పు ఎక్కడ దొరుకుతుంది?

హడ్కో (ఇళ్లకు, పట్టణ పనులకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ), జాతీయ బ్యాంకులు, రాష్ట్ర పట్టణ ఆర్థిక, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ. వడ్డీ శాతం ఒక్కటే చూసి ఎంచుకోకండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందుగా తీర్చేస్తే పడే రుసుము, వడ్డీ ఎన్నాళ్లకోసారి మారుతుంది, ప్రభుత్వ గ్యారంటీ అడుగుతారా అన్న నాలుగూ పక్కపక్కన రాసి పోల్చాలి. గ్యారంటీ ఊరికే రాదు, దానికి ప్రభుత్వానికి కమిషన్ కట్టాలి. అది కూడా అప్పు ఖర్చే.

10 కోట్లకు నిజంగా ఎంత కడతాం?

15 ఏళ్ల గడువైతే నెలకు సుమారు రూ.10.14 లక్షలు. ఏడాదికి రూ.1.22 కోట్లు. మొత్తం కట్టేది రూ.18.26 కోట్లు, అందులో వడ్డీ రూ.8.26 కోట్లు.

మొదటి నెల వాయిదానే విప్పి చూడండి. 10.14 లక్షల్లో 7.50 లక్షలు వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 2.64 లక్షలు. అయిదేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా, అంటే ఆరు కోట్లకు పైగా చెల్లించాక కూడా, ఇంకా రూ.8.01 కోట్ల అసలు మిగిలే ఉంటుంది. ఒక పాలకవర్గం పదవీకాలం అయిదేళ్లు. అప్పు చేసిన కౌన్సిల్ దిగిపోయేనాటికి తీరేది అయిదో వంతే, మిగతాది వచ్చేవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ఈ పట్టికను తీర్మానానికి జతపరచి, నెలకొకటి చొప్పున 180 వరుసలూ అచ్చు వేయించాలని అడుగుతున్నాం.

గడువు పదేళ్లా, పదిహేనేళ్లా, ఇరవయ్యేళ్లా?

పదేళ్లకు వాయిదా రూ.12.67 లక్షలు, మొత్తం వడ్డీ రూ.5.20 కోట్లు. ఇరవయ్యేళ్లకు వాయిదా రూ.9 లక్షలు, మొత్తం వడ్డీ రూ.11.59 కోట్లు. పదిహేను నుంచి ఇరవైకి జరిగితే నెలకు తగ్గేది లక్షా పద్నాలుగు వేలు, దానికి అదనంగా పడే వడ్డీ మూడు కోట్ల ముప్పై మూడు లక్షలు. ఇరవయ్యేళ్ల గడువు పెడితే తప్ప వాయిదా కట్టలేమన్న లెక్క వస్తే, భవనం ఊరి స్తోమతకు మించినదని అర్థం. అప్పుడు గడువు పెంచడం కాదు, ఒక అంతస్తు తగ్గించడం సరైన పని.

గడువు భవనం బలంగా ఉండే కాలాన్ని దాటకూడదు. కాకినాడ, నరసాపురం లాంటి చోట్ల ఉప్పుగాలికి స్లాబు లోపలి ఇనుము తుప్పుపట్టి, పెచ్చులు ఊడటం తొందరగా మొదలవుతుంది. పెద్ద మరమ్మతు, పాత వాయిదా ఒకేసారి మీద పడితే ఏ మున్సిపాలిటీ తట్టుకోలేదు.

సమాన వాయిదా మంచిదా, సమాన అసలు మంచిదా?

ఇప్పటిదాకా వేసినవి సమాన వాయిదా లెక్కలు, అంటే నెలనెలా ఒకే మొత్తం. సమాన అసలు పద్ధతిలో నెలనెలా అసలు రూ.5.56 లక్షలు కచ్చితంగా తగ్గుతుంది, దానికి అప్పటి వడ్డీ కలుస్తుంది. మొదటి వాయిదా రూ.13.06 లక్షలు, ఆఖరిది రూ.5.60 లక్షలు. పదిహేనేళ్లలో వడ్డీ రూ.6.79 కోట్లు, అంటే సమాన వాయిదా కంటే రూ.1.47 కోట్లు తక్కువ. మొదటి ఆరేళ్లు బరువు ఎక్కువ, ఆ తర్వాత తేలిక. ఖజానాలో మిగులున్న ఊరికి ఇదే మేలు. మొదటి ఏళ్లలోనే గుంజుకుపోయే ఊరు మాత్రం దీని జోలికి పోకూడదు, ఎందుకంటే ఒక్క వాయిదా తప్పితే అపరాధ వడ్డీ ఈ లాభాన్ని మింగడం మొదలుపెడుతుంది.

రెండేళ్ల మారటోరియం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

భవనం పూర్తయ్యేదాకా అద్దె రాదు కాబట్టి విరామం అవసరమే. అడగాల్సింది ఒక్కటి: ఆ రెండేళ్ల వడ్డీని ఎప్పటికప్పుడు కడతామా, అసలులో కలిపేస్తారా? పది కోట్లూ మొదటి రోజే తీసుకున్నామనుకుంటే, కలిపేసిన పద్ధతిలో 24 నెలలకు అప్పు రూ.11.96 కోట్లవుతుంది. మిగిలిన 13 ఏళ్లకు వాయిదా రూ.13.04 లక్షలు. వడ్డీ నెలనెలా కట్టేసి ఉంటే అదే వాయిదా రూ.10.90 లక్షలు. నెలకు రెండు లక్షలకు పైగా తేడా, అదీ 156 నెలల పాటు.

డబ్బు విడతలుగా తీసుకోండి. పునాదికి ఒకటి, స్లాబులకు ఒకటి, ఫినిషింగుకు ఒకటి. తీసుకున్నదాని మీదే వడ్డీ నడుస్తుంది. మొత్తం ఒకేసారి తెచ్చి సేవింగ్స్ ఖాతాలో పడెయ్యడం చేతులారా నష్టపోవడమే.

కాంప్లెక్స్ అద్దెలే వాయిదా కట్టేస్తాయంటున్నారు. నిజమేనా?

చాలా తీర్మానాల్లో కనిపించే వాక్యం ఇదే. లెక్క వేస్తే నిలబడదు.

40 షాపుల కాంప్లెక్స్ అనుకోండి. కింద 24 షాపులు ఒక్కొక్కటి రూ.6,000, పైన 16 షాపులు రూ.3,500. అన్నీ నిండితే నెలకు రూ.2 లక్షలు. వాయిదా రూ.10.14 లక్షలు. అయిదో వంతు కూడా రాదు. మన రాష్ట్రంలో మున్సిపల్ షాపులకు మూడేళ్ల లీజు, రెన్యువల్‌కు 33⅓ శాతం పెంపు అన్నది నడుస్తున్న పద్ధతి. ఒక్క షాపూ ఖాళీ కాకుండా, ప్రతి పెంపూ వసూలైనా, 13వ ఏడుకు అద్దె నెలకు రూ.6.32 లక్షలకు చేరుతుంది. అప్పటికీ వాయిదాకు చాలదు.

అన్నీ నిండుతాయన్నది కూడా కాగితం మీది మాటే. కింది షాపులకు పాట పోటాపోటీగా సాగుతుంది. మెట్లెక్కి వెళ్లే పై షాపులకు పాటదారులే రారు. ఒకసారి వెళ్లి చూడండి: కింద కిరాణా, ఫ్యాన్సీ, సెల్‌ఫోన్ షాపుల ముందు నిలబడే చోటు ఉండదు. పైన షట్టర్లు తుప్పుపట్టి, తాళాలకు సాలెగూళ్లు కట్టి, వరండాలో ఎవరివో పాత ఫ్లెక్సీలు పడి ఉంటాయి. సరుకు ఎత్తే లిఫ్ట్ లేకుండా, రోడ్డు వైపు వెడల్పాటి మెట్లు లేకుండా పై అంతస్తు గీసినప్పుడే ఈ నష్టం ఖాయమైంది. పై అంతస్తుకు షాపుల బదులు బ్యాంకు శాఖ, కోచింగ్ సెంటర్, ప్రభుత్వ కార్యాలయం లాంటి ఒకే పెద్ద అద్దెదారును ముందే ఒప్పించి, వాళ్లకు కావలసినట్టు హాలు కట్టించడం మేలు. లెక్కలో మాత్రం పై అంతస్తు ఆదాయం సగమే వెయ్యండి.

అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అది మున్సిపాలిటీ ఆదాయం కాదు, పట్టికలో ఆ పైసలు కలపకూడదు. వాచ్‌మన్ జీతం, ఉమ్మడి కరెంటు, మరుగుదొడ్ల నిర్వహణ, బీమా తీసేశాక మిగిలిందే వాయిదాకు పనికొచ్చేది.

గుడ్‌విల్, డిపాజిట్ల సొమ్ముతో మొదటి ఏళ్లు నెట్టుకురావచ్చు కదా?

రెండూ ఒకటి కాదు. గుడ్‌విల్ అంటే షాపు దక్కించుకోవడానికి అద్దె కాక పాటదారు ఒకేసారి కట్టే సొమ్ము. గుడ్‌విల్ తిరిగి ఇవ్వక్కర్లేదు కాబట్టి ఆదాయం, కానీ ఒక్కసారే వస్తుంది. డిపాజిట్ అద్దెదారు ఖాళీ చేస్తే తిరిగివ్వాల్సిన సొమ్ము, అది మరో అప్పు. డిపాజిట్లతో వాయిదాలు కట్టిన ఊళ్లో నాలుగైదు షాపులు ఒకేసారి ఖాళీ అయితే డబ్బు వాపసుకు జనరల్ ఫండ్ మీద పడాలి. డిపాజిట్‌ను వేరే ఖాతాలో ఫిక్స్‌డ్ చెయ్యండి.

గుడ్‌విల్ లాంటి ఒక్కసారి డబ్బు వస్తే దానికి మంచి వాడకం ముందస్తు చెల్లింపు. అయిదో ఏడాది చివర కోటి రూపాయలు అసలులో జమచేసి వాయిదా అలాగే కొనసాగిస్తే, మిగిలిన 120 నెలల అప్పు 98 నెలల్లో తీరిపోతుంది. వడ్డీలో సుమారు కోటీ పాతిక లక్షలు మిగులుతుంది.

కల్యాణ మండపం ఆదాయం?

ముహూర్తాల మీద ఆధారపడిన ఆదాయం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు తీసేస్తే ఏడాదిలో పెళ్లి జరిగే రోజులు ఎన్నో పంచాంగం ముందు పెట్టుకుని లెక్కపెట్టండి. వాటిలో సగం బుకింగ్ వస్తుందనుకుంటే చాలు. ప్రైవేటు ఏసీ హాళ్లతో పోటీ పడాలంటే జనరేటర్, పార్కింగ్, వంటశాల నీళ్లు తప్పవు, వాటి ఖర్చు అంచనాలో ఉందో లేదో చూడండి.

ఇంటిపన్ను మీద ఎంతవరకు ఆనుకోవచ్చు?

చివరికి నమ్మదగ్గ ఆధారం ఇదే, కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. ముందుగా డీసీబీ తెప్పించండి, అంటే డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. మూడేళ్లవి కావాలి. చూడాల్సింది డిమాండ్ కాదు, కలెక్షన్. అందులోనూ పాత బకాయి వసూలు వేరు, ఆ ఏటి పన్ను వసూలు వేరు. ఒక ఏడాది గట్టిగా తిరిగి కోటి రూపాయల పాత బకాయి రాబడితే మంచిదే, కానీ అది వచ్చే ఏడాది మళ్లీ రాదు.

రెండోది, పన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు. రూపాయికి 8 పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందాల్సింది. దాన్ని సొంత ఆదాయంలో కలిపి వాయిదా లెక్క వెయ్యడం తరచుగా జరిగే తప్పు.

మూడోది, పెంపు. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తిపన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య కౌన్సిల్ ఖరారు చేస్తుంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది. అంటే వాయిదా భారం పడింది కదా అని ఒక్కసారిగా పన్ను రెట్టింపు చెయ్యడం కుదరదు. పరిమితి లేకపోయినా చెయ్యకూడదు.

వసూలు పెంచే మార్గాలు పన్ను పెంచడం కంటే ముందు చూడాలి. పన్ను లేని కొత్త అంతస్తులు, నివాసం పేరుతో నడుస్తున్న వాణిజ్య భవనాలు, ఖాళీ స్థలాల పన్ను, ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు. వార్డు సచివాలయాల పరిధిలో ఇల్లిల్లూ కొలిస్తే ఇవి బయటపడతాయి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ అన్న సంగతి ప్రతి డిమాండ్ నోటీసు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మా ఊరు ఎంత అప్పు మోయగలదో ఎలా తెలుస్తుంది?

ఏటా ఖాయంగా వచ్చే సొంత ఆదాయంలోంచి తప్పని ఖర్చులు తీసెయ్యండి: పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, పంప్‌హౌస్, వీధిదీపాల కరెంటు, నీటిశుద్ధి మందులు, డీజిల్, మరమ్మతులు. మిగిలినదాన్ని ఏడాది వాయిదాతో భాగించండి. ఉదాహరణకు ఆదాయం రూ.6 కోట్లు, తప్పని ఖర్చు రూ.4.40 కోట్లు, మిగులు రూ.1.60 కోట్లు. వాయిదా రూ.1.22 కోట్లు. నిష్పత్తి 1.31. చూడటానికి బాగానే ఉంది. ఇప్పుడు వసూలు పది శాతం తగ్గిందనుకోండి. మిగులు కోటికి పడిపోతుంది, నిష్పత్తి 0.82. పది శాతం ఊపుకే వాయిదా తప్పే పరిస్థితి. ఈ రెండో లెక్కలో కూడా 1 కంటే తగ్గని అప్పే చెయ్యాలని మా సలహా. ఈ ఊరి విషయంలో అది 8 కోట్ల దగ్గర ఆగుతుంది.

రిజిస్ట్రేషన్ల మీద వచ్చే 1.5 శాతం బదిలీ సుంకాన్ని ఖాయమైన ఆదాయంలో పూర్తిగా వెయ్యకండి. భూముల కొనుగోళ్లు మందగిస్తే తగ్గుతుంది, ప్రభుత్వం నుంచి జమ కావడానికి నెలలు పట్టొచ్చు. భవన అనుమతుల ఫీజు కూడా అంతే. మార్కెట్ ఆశీలు పాట సొమ్ములో పాటదారు నిజంగా కట్టినంతే వెయ్యాలి, పాడినంత కాదు.

ఆర్థిక సంఘం గ్రాంటుతో వాయిదా కట్టొచ్చా? పుష్కరాల నిధులు?

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టిపడేసినదే. మిగిలిన 40 శాతం కూడా జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదు. గ్రాంటు రావాలంటే ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఆస్తిపన్ను వసూలు పెరగాలి. ఇన్ని షరతుల మీద, అయిదేళ్లకోసారి రూపు మారే డబ్బు మీద పదిహేనేళ్ల వాయిదా ఆనించకూడదు.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురం లాంటి ఊళ్లకు ఆ పేరుతో పనులు మంజూరవుతాయి. అవి ఆ పనులకే. పైపెచ్చు కొత్త ఘాట్లు, దీపాలు, మరుగుదొడ్ల నిర్వహణ తర్వాత మున్సిపాలిటీ మీదే పడుతుంది, అంటే మిగులు తగ్గుతుంది.

వాయిదా ఏ నెలలో పెట్టుకోవాలి?

బ్యాంకును అడిగితే నెలవారీ బదులు మూడు నెలలకో ఆరు నెలలకో వాయిదా పెట్టించుకోవచ్చు. మన డెల్టాలో ఈ వెసులుబాటు చాలా ముఖ్యం. డబ్బు వచ్చే కాలాలు రెండు. దాళ్వా కోతల వేళకే ఏప్రిల్ రాయితీ పన్ను వస్తుంది. సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చాక, సంక్రాంతి వ్యాపారం తర్వాత, మార్చి ముగింపు లోగా రెండో దఫా.

కష్టకాలం జులై నుంచి నవంబరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పన్ను వసూలు సిబ్బందిని సహాయ పనులకు మళ్లించక తప్పదు. వసూలు ఆగుతుంది, డీజిల్ ఇంజన్లు, బ్లీచింగ్, భోజనాల ఖర్చు లేస్తుంది. 1986 ఆగస్టు, 2022 జులై వరదలు, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. పైరు లేని ఏడాది ఊరి బజారు ఎలా ఉంటుందో, షాపు అద్దె ఎలా వసూలవుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి మే, ఫిబ్రవరి నెలల్లో పెద్ద వాయిదాలు, ఆగస్టు, నవంబరులో చిన్నవి పెట్టే పట్టిక అడగండి. బ్యాంకు ఒప్పుకోకపోతే ఏప్రిల్ వసూళ్లలోంచి ఆరు వాయిదాల సొమ్ము, ఈ లెక్కన రూ.61 లక్షలు, వేరే ఖాతాలో పెట్టుకుని వానాకాలం దాటాలి.

ఎస్క్రో ఖాతా అంటే ఏమిటి? అది పెడితే మున్సిపాలిటీకి నష్టమా?

ఒప్పందంలో చెప్పిన ఆదాయం, ఉదాహరణకు ఆస్తిపన్ను, నేరుగా ఒక ఖాతాలో పడుతుంది. ముందు వాయిదా కోత, మిగిలింది జనరల్ ఫండ్‌కు. బ్యాంకుకు భరోసా, వడ్డీ కూడా బేరమాడొచ్చు. జాగ్రత్త ఒకటి: మొత్తం సొంత ఆదాయాన్ని తాకట్టు పెట్టకండి. ఆస్తిపన్నులో ఇంత శాతం, లేదా ఫలానా వార్డుల పన్ను అని పరిమితం చెయ్యాలి. లేకపోతే వాయిదా కోత పోయాక కార్మికుల జీతాలకు డబ్బు ఉండదు, చెత్త బళ్లు ఆగిపోతాయి.

వడ్డీ పెరిగితే?

మారే వడ్డీ అయితే 9 నుంచి 10కి పెరిగినప్పుడు బ్యాంకు రెండింటిలో ఒకటి చేస్తుంది. వాయిదాను రూ.10.75 లక్షలకు పెంచుతుంది, లేదా వాయిదా అలాగే ఉంచి గడువు పొడిగిస్తుంది. మొదట్లోనే పెరిగి అలాగే ఉంటే 180 నెలల అప్పు 208 నెలలవుతుంది. చడీచప్పుడు లేకుండా జరిగేది రెండోదే. ఏటా ఏప్రిల్‌లో బ్యాంకు నుంచి మిగిలిన అసలు, మిగిలిన నెలలు రాతపూర్వకంగా తెప్పించి కౌన్సిల్ ముందు పెట్టాలి.

తక్కువ వడ్డీకి వేరే బ్యాంకుకు మార్చుకుంటే లాభమా?

పదేళ్లు మిగిలి ఉండి, అసలు రూ.8.01 కోట్లు ఉన్నప్పుడు 9 నుంచి 8 శాతానికి మారితే వాయిదా రూ.10.14 లక్షల నుంచి రూ.9.71 లక్షలకు దిగుతుంది. పదేళ్లలో సుమారు రూ.51 లక్షలు ఆదా. పాత బ్యాంకు 2 శాతం ముందస్తు రుసుము వేస్తే రూ.16 లక్షలు పోతాయి. కొత్త బ్యాంకు ఫీజులు కూడా తీసేసి చూడండి. ఆఖరి మూడు నాలుగేళ్లలో మారిస్తే దాదాపు ఏమీ మిగలదు, ఎందుకంటే అప్పటికి వాయిదాలో వడ్డీ భాగమే చిన్నది. మార్చేటప్పుడు గడువు మళ్లీ పదిహేనేళ్లకు సాగదీస్తే ఆదా కాస్తా నష్టమవుతుంది.

వాయిదా తప్పితే ఏమవుతుంది?

గడువు దాటిన మర్నాటి నుంచే బ్యాంకు ఖాతాను కనిపెట్టి చూస్తుంది, 90 రోజులు దాటితే మొండి బకాయి. ఆపైన కొత్త అప్పు దొరకడం కష్టం, దొరికినా వడ్డీ ఎక్కువ. 1914 చట్టం కింద, ఏ నిధుల హామీ మీద అప్పు తెచ్చారో వాటిని జప్తు చేసే వీలుంది. ప్రభుత్వ గ్యారంటీ ఉంటే ప్రభుత్వం కట్టి, మనకు రావలసిన సొమ్ములో కోసుకుంటుంది. కట్టలేమని తెలిసిన రోజే, వాయిదా తేదీకి ముందే, పునర్వ్యవస్థీకరణకు రాయాలి. వరద ఏడాదిలో జిల్లా యంత్రాంగం నష్టం నివేదిక జతచేసి అడిగితే వినేవాళ్లుంటారు. తప్పాక అడిగితే వినరు.

బాండ్లు వేస్తే?

బాండు అంటే బ్యాంకు బదులు పెట్టుబడిదారుల దగ్గర తీసుకునే అప్పు. 1997లో బెంగళూరు, 1998లో ప్రభుత్వ గ్యారంటీ లేకుండా అహ్మదాబాద్ రూ.100 కోట్లకు బాండ్లు వేశాయి. విశాఖ 2018లో రూ.80 కోట్లకు వేసింది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనలు, రేటింగ్, ఆడిట్ అయిన లెక్కలు, మర్చంట్ బ్యాంకరు ఖర్చు చూస్తే పది కోట్లకు బాండు గిట్టదు. చిన్న పట్టణాలకు ఉమ్మడి దారి ఉంది: తమిళనాడులో 2002లో కొన్ని చిన్న పట్టణాలను కలిపి ఉమ్మడి నిధి పేరుతో రూ.30.41 కోట్లు సేకరించారు. భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం లాంటి పట్టణాలు కలిస్తే ఆలోచించదగ్గదే.

బాండులో అసలు చివర్లో ఒక్కసారే తిరిగివ్వాలి. పదేళ్ల చివర 10 కోట్లు చేతిలో ఉండాలంటే, 6 శాతం రాబడి మీద ఏటా రూ.75.87 లక్షలు నిధిగా పక్కన పెట్టాలి, వడ్డీ వేరే. ఈ నిధిని మధ్యలో రోడ్లకు వాడితే పదో ఏట ఊరు దివాలా తీస్తుంది.

పని మధ్యలో ఖర్చు పెరిగి, అదనపు అప్పు అడుగుతున్నారు. ఎందుకిలా జరుగుతుంది?

మన నేల వల్ల, తొందర వల్ల. డెల్టాలో చాలాచోట్ల నల్లరేగడి, కొన్ని అడుగులు తవ్వితే నీళ్లు. మామూలు పునాదికి అంచనా వేసి, పని మొదలయ్యాక పైల్ పునాది కావాలంటే ఖర్చు అమాంతం లేస్తుంది. మట్టి పరీక్ష అంచనాకు ముందే చేయించాలి. ప్లింత్, అంటే భవనం అరుగుమట్టం, పాత వరద గుర్తు కంటే పైకి లేపాలి, దానికి పట్టే మెరక మట్టి ఎన్ని లారీలో ముందే కొలవాలి. పన్ను మార్పులూ దెబ్బతీస్తాయి: 2022 జులై 18న ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, పది కోట్ల పనికి అరవై లక్షల తేడా. అంచనాలో ఇలాంటివాటికి చోటు ఉంచి, అప్పు మాత్రం పని సాగిన కొద్దీ తీసుకోవాలి.

మున్సిపల్ స్థలం అమ్మి అప్పు తీర్చెయ్యొచ్చా?

ప్రభుత్వ అనుమతి కావాలి. డెల్టా పట్టణాల్లో బడికి, పంప్‌హౌస్‌కు, చెత్త యార్డుకు స్థలం దొరకక అల్లాడుతున్నప్పుడు ఉన్నది అమ్ముకోవడం మేము సిఫారసు చెయ్యం.

పాలకవర్గం లేదు, ప్రత్యేకాధికారి ఉన్నారు. అప్పు తీర్మానం చెల్లుతుందా?

చెల్లుతుంది, కౌన్సిల్ అధికారాలు ఆయనకు ఉంటాయి. ఉన్న వాయిదాలు కట్టడం ఆగకూడదు. కొత్తగా పదిహేనేళ్ల అప్పు మాత్రం ఎన్నికైన కౌన్సిల్ వచ్చేదాకా ఆగితే బాగుంటుంది.

తీర్మానంలో ఏ మాటలు ఉండాలి?

“వాయిదాకు మొదటి ఆధారం ఆస్తిపన్నులో ఇంత శాతం, రెండో ఆధారం కాంప్లెక్స్ నికర అద్దె. ఆరు వాయిదాల మొత్తం వాయిదా నిల్వగా ఫలానా ఖాతాలో ఉంచబడును. ఆ నిల్వ తగ్గినచో తదుపరి ఏప్రిల్ వసూళ్లలో మొదట దానినే పూరించవలెను. ఒక్కసారి వచ్చే రాబడిని అసలు ముందస్తు చెల్లింపునకే వాడవలెను.” ఈ నాలుగు వాక్యాలు, 180 వరుసల పట్టిక, పది శాతం వసూలు తగ్గితే ఏమవుతుందన్న లెక్క జతగా ఉండాలి. ఒప్పుకోని కౌన్సిలర్ అసమ్మతి నోటు రాతపూర్వకంగా ఇచ్చి మినిట్స్‌లో నమోదు చేయించుకోవాలి.

పన్ను కట్టేవాళ్లం, మాకు ఈ కాగితాలు చూపిస్తారా?

తీర్మానం, ఒప్పందం, తీర్చే పట్టిక, డీసీబీ, ఆడిట్ నివేదిక అన్నీ 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. “అప్పు వివరాలు ఇవ్వండి” అని అడగకండి. “ఈ తేదీ నాటికి మిగిలిన అసలు, మిగిలిన వాయిదాలు, గత 12 వాయిదాలు కట్టిన తేదీలు, అపరాధ వడ్డీ ఏమైనా ఉంటే ఎంత” అని విడివిడిగా రాయండి.

ఆఖరి వాయిదా కట్టాక ఇంకేమైనా మిగిలి ఉంటుందా?

ఉంటుంది. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. తాకట్టు రిజిస్టర్ చేసి ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీ (ఆస్తి మీద తాకట్టు లాంటి భారాలు ఉన్నదీ లేనిదీ చూపే ధ్రువపత్రం) తీసి చూసుకోవాలి. ప్రభుత్వ గ్యారంటీ ముగిసిందని రాయించుకోవాలి, లేకపోతే కమిషన్ బిల్లు వస్తూనే ఉండొచ్చు. ఎస్క్రో ఆదేశాలు బ్యాంకులో రద్దు చేయించకపోతే ఆస్తిపన్ను ఆ ఖాతాలోకే పోతుంటుంది. అప్పుల రిజిస్టర్‌లో ఆ పేజీ మూసి కమిషనర్ సంతకం చేసి, ఆ ఏటి ఆడిట్‌కు చూపాలి. వాయిదా నిల్వ ఖాతాలో ఉన్న సొమ్మును ఆ భవనం మరమ్మతులకే ప్రత్యేక నిధిగా మార్చమని తీర్మానం పెట్టండి. అప్పటికి కిటికీలు, నీటి గొట్టాలు, స్లాబు వాటర్‌ప్రూఫింగ్ మార్చే వయసు వచ్చి ఉంటుంది.